ప్రజాహిత న్యాయసేవకు విద్యార్థుల నిధి సేకరణ (అమెరికా)

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పేదల పక్షాన వాదించే సంస్థలలో వేసవిలో పనిచేయదలచిన తోటివారికి భృతి ఇచ్చేందుకు, కొన్నిచోట్ల నేరుగా ఆ సంస్థలకే తోడ్పడేందుకు న్యాయ కళాశాలల విద్యార్థులు విరాళాలు పోగుచేస్తారు. ఇక్కడ ప్రజాహిత న్యాయసేవ అనగా రుసుము చెల్లించలేనివారికి అందించే న్యాయసహాయం కూడా. భారతదేశంలోని ప్రజాహిత వ్యాజ్యం కంటే దీని పరిధి విస్తృతమైనది.

నేపథ్యం

తీవ్రమైన నేరారోపణ ఎదుర్కొనే పేదవారికి ప్రభుత్వమే న్యాయవాదిని సమకూర్చాలని 1963లో గిడియన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సివిల్ వ్యాజ్యాలలో అటువంటి సాధారణ హక్కు లేదు. అద్దె ఇల్లు ఖాళీ చేయవలసిందిగా దావా ఎదుర్కొనే కుటుంబం న్యాయవాది లేకుండానే కోర్టుకు వెళ్ళవలసి రావచ్చు. ఇటువంటి వారి కోసం 1974లో చట్టం ద్వారా లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ ఏర్పడింది. అయినను దాని నిధులు అవసరానికి చాలడం లేదు.

విద్యార్థుల ఇబ్బంది

న్యాయశాస్త్ర పట్టా చదువు సాధారణంగా మూడేళ్ళు. మధ్యలో వచ్చే రెండు వేసవి సెలవులలో విద్యార్థులు వృత్తి అనుభవం సంపాదిస్తారు. పెద్ద న్యాయవాద సంస్థలు వారికి మంచి వేతనమిస్తాయి. పేదలకు సేవచేసే సంస్థలు తరచుగా ఏమీ ఇవ్వలేవు. చదువుకై అప్పుచేసిన విద్యార్థికి జీతంలేని పని ఎంచుకోవడం కష్టం. ఆ లోటును తోటివారు సేకరించిన భృతి కొంతవరకు పూడుస్తుంది.

సేకరణ పద్ధతులు

* వేలంపాట: అధ్యాపకులు తమ ఇంట విందు వంటివి ఇస్తామని ముందుకు వస్తారు. విద్యార్థులు వాటిని పాడుకుంటారు.
* వేతనంలో వాటా: పెద్ద సంస్థలలో వేసవి ఉద్యోగం దొరికినవారు తమ జీతంలో కొంత భాగం ఇస్తారు.
* క్రీడలు: జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ న్యాయ విద్యార్థులు నిర్వహించే "హోమ్ కోర్ట్" బాస్కెట్‌బాల్ పోటీలో అధ్యాపకుల జట్టు, అమెరికా చట్టసభ సభ్యుల జట్టు తలపడతాయి. ఈ విరాళాలు వాషింగ్టన్‌లో ఇల్లులేనివారికి న్యాయసహాయం చేసే సంస్థకు చెందుతాయి.

జాతీయ సంస్థ

1986లో న్యాయ విద్యార్థులు ప్రజాహిత న్యాయసేవ కోసం ఒక జాతీయ సంఘాన్ని స్థాపించారు. 2002లో దాని పేరు "ఈక్వల్ జస్టిస్ వర్క్స్"గా మారింది. పట్టా పొందిన యువ న్యాయవాదులకు ఈ సంస్థ ఫెలోషిప్పులు ఇప్పిస్తుంది.

పరిమితులు

వేసవి భృతి కొన్ని వారాలకే సరిపోతుంది. కక్షిదారుల కేసులు నెలల తరబడి సాగవచ్చు. చదువు ముగిశాక అప్పుల భారం మిగిలే ఉంటుంది. ప్రజాసేవలో ఉంటూ 120 వాయిదాలు చెల్లించినవారికి మిగిలిన ఫెడరల్ విద్యారుణం రద్దుచేసే పథకం 2007 నాటి చట్టంతో వచ్చింది. ఇల్లు ఖాళీ చేయించే కేసులలో అల్పాదాయ అద్దెదారులకు న్యాయవాదిని సమకూర్చే చట్టాన్ని 2017లో న్యూయార్క్ నగరం చేసింది. విద్యార్థుల విరాళాలు ఇటువంటి చట్టాలకు తోడు కాగలవే గాని, వాటి స్థానాన్ని భర్తీ చేయలేవు.