మామిడి కుళ్ళుపై సుగంధ తైలాలు: ఆధారాలు ఎంతవరకు?

కోసినప్పుడు మచ్చలేని బంగినపల్లి కాయ మాగేసరికి నల్లమచ్చలతో బయటపడటం నున్న మార్కెట్‌కు సరుకు తెచ్చే రైతులకు తెలిసిన నష్టమే. ఈ ఆంత్రాక్నోస్ మచ్చలకు కారణం కొల్లెటోట్రైకమ్ శిలీంద్రాలు. ముచ్చిక దగ్గర మొదలై కిందికి దిగే కుళ్ళుకు ఎక్కువగా లాసియోడిప్లోడియా కారణం. రసాయన మందుల అవశేషాలపై దిగుమతి దేశాలు కఠినంగా ఉండటంతో వాము, లవంగం, దాల్చినచెక్క, నిమ్మగడ్డి తైలాల మీద పరిశోధకుల దృష్టి పడింది.

వీటికి శిలీంద్రాన్ని ఆపే గుణం ఉందన్నది నిజమే. వాములో థైమాల్, లవంగంలో యూజినాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్ ప్రధానం. ఇవి శిలీంద్ర కణాల పొరను దెబ్బతీయడంతో లోపలి పదార్థాలు కారిపోతాయి, పెరుగుదల ఆగుతుంది. ప్రయోగశాల గాజుపళ్ళెంలో ఈ ఫలితం స్పష్టంగా కనబడుతుంది.

చిక్కంతా పండుతోనే. ఆంత్రాక్నోస్ కోత తర్వాత కొత్తగా అంటుకునేది కాదు. వాన తుంపర్లతో వచ్చిన సిద్ధబీజం తోటలోనే పచ్చికాయ మీద మొలకెత్తి, ముదురురంగు గట్టి బొడిపె కడుతుంది. దాని అడుగు నుంచి సన్నని మొలక తొక్క పైపొరను తొలుచుకుని దిగి, అక్కడే ఆగిపోతుంది. పచ్చి తొక్కలోని రిసార్సినాల్ పదార్థాలు దాన్ని అణచి ఉంచుతాయి. కాయ మాగేకొద్దీ అవి తగ్గుతాయి, శిలీంద్రం మళ్ళీ కదులుతుంది. అంటే పైన పూసిన తైలం చేరవలసిన చోటు తొక్క లోపల ఉంది. గాజుపళ్ళెంలో ఈ అడ్డు లేదు. నా దృష్టిలో అక్కడి ఫలితాన్ని పండుకు యథాతథంగా వర్తింపజేయడం తొందరపాటు.

మోతాదు పెంచితే తొక్కే పాడవుతుంది. తైలం నీటిలో కరగదు. సరిగా ఎమల్షన్ చేయకపోతే చుక్కలుగా తేలి, అంటుకున్న చోటల్లా గోధుమరంగు మరక వేస్తుంది. వాసన కూడా మిగిలిపోవచ్చు. పైగా మొక్క రకాన్ని, కోసిన కాలాన్ని బట్టి తైలంలో పదార్థాల పాళ్ళు మారతాయి. అందుకే వాము తైలం అని పేరు రాసి, థైమాల్ శాతం చెప్పని ప్రయోగం మీద నాకు నమ్మకం తక్కువ.

ఆవిరి రూపంలో ఇవ్వడం, కైటోసాన్ పూతలో కలపడం ఆశ కలిగిస్తున్న దారులు. యూరోపియన్ యూనియన్ 2013లో థైమాల్, యూజినాల్, జెరానియాల్‌లను సస్యరక్షణకు ఆమోదించింది. అయితే ఆ ఆమోదంతో ద్రాక్షతోటలో బూజుపై చేసే పిచికారీ ఒకటి, మాగబెట్టే మామిడికి వాడటం మరొకటి. మామిడికి 52 డిగ్రీల వేడినీటిలో 5 నుంచి 10 నిమిషాలు ముంచే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. వేడి తొక్క లోపలికి చేరుతుంది కాబట్టే అది పనిచేస్తుంది. తైలాన్ని దీనికి తోడుగా పరీక్షించాలి; మాగిన పండులో కుళ్ళునూ, రుచినీ కలిపి కొలవాలి.

అంతవరకు రైతులకు ఒక మనవి: బజారులో దొరికే తైలాన్ని నీళ్ళలో కలిపి అమ్మకపు కాయలను ముంచకండి.