జామ్‌ఖేడ్ సమగ్ర గ్రామీణ ఆరోగ్య పథకం

మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (నేటి అహిల్యానగర్) జిల్లా జామ్‌ఖేడ్‌లో డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, ఆయన భార్య డాక్టర్ మేబెల్ ఆరోలే 1970లో ప్రారంభించిన పథకం. ఇద్దరూ వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివినవారు. ఊరివాళ్లే ఎంచి పంపిన మహిళలు ఇక్కడ ఆరోగ్య కార్యకర్తలయ్యారు. వారిలో చాలామందికి అక్షరాలు రావు. దళిత స్త్రీలూ ఎందరో. వీళ్లు క్రమం తప్పకుండా జామ్‌ఖేడ్ వచ్చి, కలిసి తిని, రాత్రికి అక్కడే ఉండి, తమ ఊళ్లో చూసిన కాన్పులు, పిల్లల విరేచనాలు, క్షయ, కుష్ఠు రోగుల సంగతులు ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకునేవారు. పాఠాల కన్నా ఈ మాటామంతీయే శిక్షణకు అసలు బలం. డాక్టరు, నర్సు, కార్యకర్త ఒకే జట్టుగా పనిచేయడం ఇక్కడి పద్ధతి. ఆరోలే దంపతులకు 1979లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.