నాణెం మీద, నోటు మీద తెలుగు లిపి: పాలకుల లెక్కలో భాషాసమూహాలు

భారత రిజర్వు బ్యాంకు నోటు వెనుకవైపు ఉండే భాషాపట్టికలో పదిహేను భాషలున్నాయి. వాటిలో తెలుగుది పద్నాలుగవ స్థానం. భాషల ఇంగ్లీషు పేర్ల అక్షరక్రమాన్ని పాటించడం వల్ల ఏర్పడిన వరుస ఇది. తెలుగు అక్షరక్రమంలో పేర్చితే ఇప్పుడు చిట్టచివర ఉన్న ఉర్దూ రెండవ స్థానానికి వస్తుంది. నోటుపై తెలుగు ఉండటాన్ని భాషకు దక్కిన గౌరవంగా భావించడం పరిపాటి. అయితే రెండు శతాబ్దాల ద్రవ్యచరిత్రను పరిశీలిస్తే, ఒక లిపి ద్రవ్యంపైకి రావడానికీ తిరిగి తొలగిపోవడానికీ ఆ భాషీయుల సంఖ్య గాని, సాహిత్య ప్రాచీనత గాని ప్రధాన కారణం కాలేదని తెలుస్తుంది. ఏ బజారులో డబ్బు చెల్లాలి, ఎవరిని తనవారిగా చూపుకోవాలి అన్న పాలకుల లెక్కలే అక్కడ పనిచేశాయి.

ఈస్టిండియా కంపెనీ 1807-08 కాలంలో మద్రాసులో ముద్రించిన వెండి పావు వరహా ఇందుకు తొలి నిదర్శనం. దానికి ఒకవైపు గోపురం, ఇంగ్లీషు, పారశీక అక్షరాలు. రెండవవైపు విష్ణురూపం, తమిళ, తెలుగు అక్షరాలు ఉన్నాయి. వర్తక సంస్థ విష్ణువును ముద్రించింది భక్తితో కాదు. వరహా అంటే జనానికి తెలిసిన రూపం అది. తెలుగు అక్షరాలూ ఆ నమ్మకంలో భాగంగానే వచ్చాయి. 1835లో కంపెనీ తన ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయిని ప్రవేశపెట్టినప్పుడు దానిపై రాజు తల, ఇంగ్లీషు, పారశీకం మాత్రమే మిగిలాయి. స్థానిక నమ్మకంతో అవసరం తీరాక స్థానిక లిపితోనూ అవసరం తీరింది.

1907 నాటి అణా నాణెంపై తెలుగు మళ్ళీ కనబడుతుంది. ఆ చిన్న బిళ్ళపై ఇంగ్లీషుతో పాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపులలో విలువ రాసి ఉంది. దక్షిణాది లిపులలో చోటు దొరికింది తెలుగుకు ఒక్కదానికే. తమిళ, కన్నడ, మలయాళ పాఠకులకు ఆ నాణెంపై తమ అక్షరం లేదు. తెలుగువారు గర్వించదగిన విషయంగా ఇది కనబడవచ్చు గాని, ప్రాంతానికొక లిపిని నమూనాగా ఎంచుకున్న ధోరణి మాత్రమే ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ ఏర్పాటు 1947 వరకు సాగింది. 1950లో గణతంత్ర భారతం విడుదల చేసిన నాణేలపై హిందీ, ఇంగ్లీషు మాత్రమే నిలిచాయి. వలసపాలనలో అణాపై ఉన్న తెలుగు స్వతంత్ర భారతంలో నాణెం నుంచి తొలగిపోయిన సంగతి భాషాచర్చల్లో రావలసినంతగా రాలేదు.

కాగితపు నోటు కథ కొంత భిన్నం. 1861 తరువాత వచ్చిన విక్టోరియా నోట్లపై రెండు భాషలుండేవి. 1867 నుంచి వచ్చిన నోట్లపై అవి నాలుగయ్యాయి, ఆ తరువాతి శ్రేణిలో ఎనిమిదికి పెరిగాయి. తొలుత ఒక మండలంలో జారీ అయిన నోటును ఆ మండలంలోనే మార్చుకోవలసి ఉండేది కాబట్టి భాషలు కూడా మండలాన్ని బట్టి మారేవి. నోటు చెల్లుబాటు దేశమంతటికీ విస్తరించాక భాషాపట్టిక స్థిరపడింది. భాషలు పెరగడానికి దారి తీసింది చెలామణి విస్తృతి.

హైదరాబాద్ సంస్థానపు ఉస్మానియా సిక్కా నోటు వద్ద ఈ ప్రశ్న మరింత జటిలమవుతుంది. సొంత నోట్లకు అనుమతి కోరిన నిజాం ప్రభుత్వానికి, మొదటి ప్రపంచయుద్ధకాలపు వెండి కొరత వల్ల, 1918లో బ్రిటిష్ వారి అంగీకారం లభించింది. మొదట పది, నూరు రూపాయల నోట్లు, 1919లో ఒకటి, ఐదు రూపాయల నోట్లు, 1926లో వెయ్యి రూపాయల నోటు వెలువడ్డాయి. వాటిపై ప్రధాన వాచకం ఉర్దూ. తెలుగు, మరాఠీ, కన్నడ భాషలకు విలువను తెలిపే చిన్న అక్షరాల స్థానమే దక్కింది. సంస్థాన జనాభాలో సుమారు సగం తెలుగువారే. సరిగ్గా అదే 1918లో ఉర్దూ బోధనామాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలుగు రైతు చేతిలోని నోటు అతని భాషలో విలువ చెబుతుంది. అతని బిడ్డ ఉన్నతవిద్యకు వెళితే ఆ భాష పనికిరాదు. ఈ రెండు నిర్ణయాలను కలిపి చదవడం అవసరం. 1921లో హైదరాబాదు సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు, ఆ అవమానం నుంచే ఆంధ్రజనసంఘం పుట్టింది. అప్పటికి మూడేళ్ళుగా తెలుగు అక్షరాలు ప్రభుత్వ నోటుపై ఉన్నాయి. అవి సభలో తెలుగు గొంతుకు మర్యాదను తెచ్చిపెట్టలేదు.

స్వాతంత్ర్యానంతరం 1953లో నోటుపై హిందీకి ప్రాముఖ్యం కల్పించారు. ‘రుపయా’కు బహువచనం ఏమిటన్న చర్చ నడిచి ‘రుపయే’ స్థిరపడింది. హిందీ వ్యాకరణం ఇలా జాతీయచర్చ అయింది. నూరు రూపాయల నోటుపై తెలుగు ‘నూరు’ అంటుంది, బజారులో ఎక్కువగా వినబడేది ‘వంద’. ఈ భేదం పండితుల దృష్టికి కూడా అరుదుగానే వస్తుంది.

నేటి పట్టికను ఇదే చూపుతో చూడాలి. ఎనిమిదవ షెడ్యూలులోని ఇరవైరెండు భాషలలో సంతాలీ, బోడో, డోగ్రీ, మైథిలీ, మణిపురి, సింధీ నోటుపై లేవు. కొంకణి, నేపాలీ, మణిపురి 1992లో ఒకే సవరణతో షెడ్యూలులో చేరాయి, మొదటి రెండే నోటుకెక్కాయి. 2011 జనగణనలో సంతాలీ మాతృభాషగా ఉన్నవారు 73 లక్షలకు పైగా, సంస్కృతం మాతృభాషగా ఉన్నవారు 25 వేల లోపు. సంస్కృతానికి చోటుంది. వారసత్వం దృష్ట్యా ఆ చోటును సమర్థించవచ్చు. కాని వారసత్వమే ప్రమాణమైతే రఘునాథ్ ముర్ము 1925లో రూపొందించిన ఓల్ చికి లిపిలో తమ సాహిత్యాన్ని నిలుపుకుంటున్న సంతాలీలది ఏ విధంగా తక్కువ?

నిజాం నోటుపై తెలుగు చిన్నబోయిందని చెప్పేటప్పుడు తెలుగు పరిశోధన సాధారణంగా అక్కడితో ఆగుతుంది. అదే సంస్థానంలో, ఆదిలాబాదు అడవుల్లో, గోండీ మాట్లాడేవారు ఉన్నారు. పోడు భూమి, పశువుల మేత విషయంలో ఆ ప్రభుత్వంతో తలపడి కుమ్రం భీం 1940లో ప్రాణాలు కోల్పోయాడు. 2011 లెక్కల ప్రకారం గోండీ మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు. ఉస్మానియా సిక్కాపై ఆ భాష లేదు. రిజర్వు బ్యాంకు నోటుపై లేదు. ఎనిమిదవ షెడ్యూలులోనూ ఇంతవరకు చేరలేదు.