లాకులున్నాయి, పడవలేవీ?

విజయవాడలో ఆటో ఎక్కి "ఏలూరు లాకులు" అంటే చాలు, డ్రైవరు మారుమాట లేకుండా తీసుకెళ్ళి దింపుతాడు. దిగి చూస్తే కాలువ ఉంటుంది, వంతెన ఉంటుంది, కావలసినంత ట్రాఫిక్ ఉంటుంది. పడవ మాత్రం కనిపించదు. ఊరికి ఎగువన, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ ఒడ్డుని "ఫెర్రీ" అంటారు. 2016 పుష్కరాలప్పుడు దానికి "పవిత్ర సంగమం" అని కొత్త పేరు వచ్చింది గానీ జనం నోట్లో ఇంకా ఫెర్రీయే. పడవలు రిటైరైపోయాయి, వాటి పేర్లు మాత్రం ఇంకా డ్యూటీలో ఉన్నాయి.

మరి ఆ పడవలన్నీ ఏమైనట్టు? నాకు ఈ ప్రశ్న ఆమ్‌స్టర్‌డామ్ గురించి చదువుతుంటే వచ్చింది. అక్కడి ప్రిన్సెన్‌గ్రాహ్ట్ కాలువలో 'హెండ్రికా మరియా' అని ఒక పాత పడవ ఉంది. 1914లో కట్టారు. చాలాకాలం ఇసుకా కంకరా మోసింది. ఆ పని పోయాక ఇల్లయింది. ఇప్పుడు మ్యూజియం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ఊళ్ళో ఇళ్ళకి కటకటగా ఉండేది. అదే కాలంలో లారీల దెబ్బకి సరుకు పడవలు ఖాళీ అవుతున్నాయి. ఇల్లు లేని మనుషులూ, పని లేని పడవలూ అలా ఒకటయ్యారు. మనకీ కాలువలున్నాయి, పడవలుండేవి, ఇళ్ళు లేనివాళ్ళకి కొదవే లేదు. ఇక్కడ ఆ కథ ఎందుకు జరగలేదు?

కాస్త వెనక్కి వెళ్ళాలి. బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ లెక్కలో కాలువ పొలానికి నీళ్ళూ ఇవ్వాలి, ఊరికి దారీ కావాలి. రైళ్ళ మీద పోసే డబ్బులో కొంత కాలువల మీద పెట్టమని ఆయన లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు దాకా వెళ్ళి వాదించాడు. డెల్టా కాలువలకి లాకులు కట్టింది అందుకే. నీళ్ళు ఒక మెట్టు దిగేచోట పడవని రెండు తలుపుల మధ్య ఆపి, లోపలి నీటిని మెల్లగా దించో పెంచో అవతలి మట్టానికి చేర్చడం లాకు పని. ఏలూరు కాలువ ఏలూరు దగ్గర గోదావరి కాలువని కలుస్తుంది. ఇటు కృష్ణ దాటితే కొమ్మమూరు కాలువ, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువ. కాకినాడలో పడవెక్కినవాడు సముద్రంలోకి పోకుండా, బెజవాడ మీదుగా మద్రాసు చేరొచ్చు.

గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ. రెండూ పనిచేయనిచోట పడవకి మోకు కట్టి, గట్టు మీద నడుస్తూ మనుషులే లాగేవాళ్ళు. ప్రయాణీకులకి రాదారి పడవలు, ధాన్యానికీ ఉప్పుకీ సరుకు పడవలు. దూరాలు పోయే సరుకు పడవల్లో మనుషులు అక్కడే వండుకుని, అక్కడే తిని, అక్కడే పడుకునేవాళ్ళు. అంటే మన పడవ ఇల్లవడానికి రిటైరయ్యేదాకా ఆగలేదు, పనిలో ఉన్నప్పుడే సగం ఇల్లు. అందుకే సరుకు రోడ్డెక్కినప్పుడు పడవవాడికి కూలి పోవడంతో ఆగలేదు. తల దాచుకునే చోటు కూడా పోయింది.

1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. తర్వాత బస్సులు, లారీలు. 1952లో పాత ఆనకట్ట తెగింది. దాని స్థానంలో 1957కి పూర్తయిన ప్రకాశం బ్యారేజీ మీదనుంచి రోడ్డు కూడా వేశారు. లాకు తలుపు తెరిచేదాకా లారీ ఆగనక్కర్లేదు కదా. కాలువల మీద తక్కువ ఎత్తులో వంతెనలు కట్టుకుంటూ పోయాం. వాటి కింద నుంచి పడవ దూరదు. 2008లో కాకినాడ–పుదుచ్చేరి దారిని, గోదావరి కృష్ణల పాయలతో కలిపి 1,078 కిలోమీటర్లుగా, నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అప్పటికి లాకులు శిథిలం, వంతెనలు అడ్డం.

పడవకి రెండో జన్మ దొరికిన చోటు మన పక్కనే ఉంది. కేరళలో కుట్టనాడు ధాన్యం మోసే కెట్టువళ్ళాలకి మేకు ఉండదు. పలకల్ని కొబ్బరి తాడుతో కుడతారు. రోడ్లొచ్చి వాటికీ పని పోయింది. 1990ల మొదట్లో వాటి మీద వెదురుతో గది కట్టి టూరిస్టులకి అద్దెకివ్వడం మొదలైంది. అది చూసి మన కోనసీమలో దిండి దగ్గర కూడా హౌస్‌బోట్లు పెట్టారు. మంచిదే. కానీ అది ఒక రాత్రి ఇల్లు. మర్నాడు చెక్-అవుట్.

ఉండే ఇల్లు కావాలంటే రెండు కావాలి: నిలకడగా ఉండే నీళ్ళు, కట్టుకోవడానికి రేవు. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో మట్టం పెద్దగా మారదు. మన కాలువల్ని ఎండాకాలంలో కట్టేస్తారు. పడవ బురదలో కూర్చుంటుంది. నదిలో పెడదామంటే వరద. కాబట్టి నీళ్ళ విషయంలో మనకి నిజమైన ఇబ్బందే ఉంది. కొంత నేరం కృష్ణమ్మది అనుకుందాం.

రేవు సంగతి మాత్రం మనదే. ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదట ఎవరికి తోచినచోట వాళ్ళు కట్టేసుకున్నారు. వాళ్ళ మురుగు ఇటీవలి దాకా కాలువలోకే పోయేది. అయినా ఊరు మెల్లగా వాళ్ళకి అనుమతి కాగితం ఇచ్చింది, చిరునామా ఇచ్చింది, చివరికి మురుగు పైపూ వేసింది. ఇవాళ అక్కడ పడవ కంటే దాన్ని కట్టుకునే హక్కే ఖరీదు. విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువల గట్ల మీద పేదవాళ్ళు దశాబ్దాలుగా గుడిసెలు వేసుకున్నారు. అదే నీటి పక్కన, అదే అవసరంతో. మన కాగితాల్లో వాళ్ళ పేరు ఆక్రమణదారులు. కొందరికి ఊరి చివర కాలనీల్లో ఇళ్ళిచ్చి పంపించారు. పని మాత్రం ఊరి మధ్యలోనే ఉండిపోయింది.

2024 సెప్టెంబరు మొదట్లో ఈ రెండు కథలూ ఒకేసారి బయటపడ్డాయి. బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఎగువన కట్టేసిన భారీ ఇనప పడవలు కొట్టుకొచ్చి గేట్లని గుద్దాయి, కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. క్రేన్లతో లాగినా కదల్లేదు. డైవర్లు నీళ్ళలో దిగి కోయాల్సొచ్చింది. అన్నిటినీ బయటికి తీయడానికి రోజులకి రోజులు పట్టింది. అదే వారం బుడమేరు గండిపడి సింగ్‌నగర్ మునిగింది. జనం డాబాల మీద కూర్చుని అన్నం పొట్లాల కోసం పడవలకేసి చూశారు. అసలు పడవలే కనిపించని ఊళ్ళో ఒకచోట దిక్కులేని పడవ గేటుని గుద్దింది, ఇంకోచోట పడవ కోసం మనిషి ఎదురుచూశాడు.

హౌస్‌బోట్ అంటే మనకి సెలవుల ఫొటో. అందుకే దాని గురించి టూరిజం లెక్కలోనే మాట్లాడతాం. హెండ్రికా మరియా కూడా ఇసుక పడవే, బ్యారేజీని గుద్దిన బాపతుదే. దాన్ని ఇల్లు చేసింది దాని గొప్పతనం కాదు, గట్టుకి కట్టుకోనిచ్చిన ఒక అనుమతి. పాత పడవల్ని ఏం చేయాలో తేల్చుకునేముందు, కాలువ పక్కన బతకడానికి ఎవరికి హక్కుందో మనం తేల్చుకోవాలి. ఆ పని పడవ లేకుండానే మొదలుపెట్టొచ్చు, ఏలూరు లాకుల దగ్గర.