పరీక్ష నెగ్గిన గుండె

2008 జూన్ 13, శుక్రవారం. వాషింగ్టన్‌లోని ఎన్‌బీసీ టీవీ ఆఫీసులో జర్నలిస్టు టిమ్ రస్సర్ట్ ఆదివారం నాటి రాజకీయ ఇంటర్వ్యూల కార్యక్రమం ‘మీట్ ద ప్రెస్’ కోసం గొంతు రికార్డు చేస్తూ కుప్పకూలిపోయారు. మళ్లీ లేవలేదు. వయసు 58. కొడుకు డిగ్రీ పూర్తి చేసిన సంతోషంలో కుటుంబంతో ఇటలీ వెళ్లి అప్పుడే తిరిగొచ్చారు.

1991 నుంచి ఆ కార్యక్రమం ఆయనదే. అధ్యక్ష పదవికి పోటీ పడేవాళ్లు కూడా ఆయన ఎదుట కూర్చోవాలంటే జంకేవారు. బఫెలోలో చెత్త బండి మీద ఒక పని, పేపర్ల లారీ మీద ఇంకో పని చేసి నలుగురు పిల్లల్ని పెంచిన తండ్రి గురించి 2004లో పుస్తకం రాశారు. ఫాదర్స్ డే ఇంకా రెండు రోజులుందనగా ఆ పెద్దాయనకు కడుపుకోత మిగిలింది.

నాకు మింగుడుపడనిది, రస్సర్ట్ నిర్లక్ష్యం చేసిన మనిషి కాకపోవడం. గుండెజబ్బు ఉందని తెలుసు, మందులు వేసుకునేవారు, వ్యాయామం చేసేవారు. ఏప్రిల్ 29న చేసిన స్ట్రెస్ టెస్ట్ బాగానే వచ్చింది. ఆయన రక్తంలో మాత్రం ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ. మన ఇళ్లలోని రిపోర్టుల్లోనూ తరచూ కనిపించే జోడీయే ఇది. చివరికి పోస్టుమార్టంలో తేలింది: గుండె ముందు భాగానికి రక్తం పంపే ఎల్ఏడీ ధమనిలో పూడిక పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయింది.

అలాంటి పూడిక ఒక్కరోజులో తయారుకాదు. చెడు కొలెస్ట్రాల్ ధమని గోడలోకి దిగి అక్కడ చెడిపోతుంది. గోడ దాన్ని గాయంగా ఎంచి తెల్ల రక్తకణాలను పిలుస్తుంది. కాపాడదామనే వస్తాయి పాపం. ఆ కొవ్వును మింగి మింగి ఉబ్బిపోయి అక్కడే చచ్చిపోతాయి. ఆ కళేబరాలూ కొవ్వూ కలిసి మెత్తటి ముద్దవుతాయి. శరీరం దాని మీద పీచు పొర కప్పుతుంది. లోపల రేగిన ఈ వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, చల్లారకపోతే, బతికున్న కణాలు వదిలే ఎంజైములు ఆ పొరనే కరిగిస్తూ పోతాయి. సెగగడ్డలా లోలోపలే పండుతుంది, కానీ నొప్పి ఉండదు. ధమని బయటివైపు సాగి చోటిస్తుంది కాబట్టి చాలాకాలం రక్తం సాఫీగానే పారుతుంది. స్ట్రెస్ టెస్ట్ చూసేది ఆ ప్రవాహాన్నే. పొర ఎంత పలచబడిందో దానికి అందదు.

ధమని జబ్బులో ఇన్‌ఫ్లమేషన్ ఉందని జర్మనీలో రుడాల్ఫ్ విర్కో 19వ శతాబ్దం మధ్యలోనే అన్నాడు. వైద్యం మాత్రం ఎక్కువగా కొలెస్ట్రాల్ లెక్కలతోనే నడిచింది. రస్సర్ట్ పోయిన అయిదు నెలలకు జూపిటర్ అధ్యయనం వెలువడింది. చెడు కొలెస్ట్రాల్ మామూలుగానే ఉండి, ఇన్‌ఫ్లమేషన్‌కు గుర్తయిన సీఆర్పీ ఎక్కువున్న వాళ్లకు స్టాటిన్ ఇస్తే గుండెపోట్లు సగానికి పైగా తగ్గాయి. అయితే స్టాటిన్ కొలెస్ట్రాల్‌నూ తగ్గిస్తుంది కాబట్టి మేలు దేనివల్ల జరిగిందన్న సందేహం తీరలేదు. 2017లో కాంటోస్ అనే పరీక్ష దాన్ని తీర్చింది. గుండెపోటు వచ్చి బతికిన పదివేల మందికి పైగా పాల్గొన్న ఆ పరీక్షలో, కొలెస్ట్రాల్ జోలికి పోకుండా ఇన్‌ఫ్లమేషన్‌నే అణచే కెనకినుమాబ్‌తో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. కానీ ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు. ఇన్‌ఫ్లమేషన్‌నే తగ్గించే మరో మందు, గౌట్ నొప్పికి ఎప్పటినుంచో వాడే కోల్చిసిన్‌ను చిన్న మోతాదులో గుండెజబ్బుకు వాడేందుకు అమెరికా 2023 జూన్‌లో అనుమతించింది. అప్పటికి రస్సర్ట్ పోయి పదిహేనేళ్లు.