మూత తీయకుండా మెమరీ చూడటం

సర్వర్ ఎక్కడో ఉంటుంది, దాన్ని చూసుకునే మనిషి ఇంకెక్కడో ఉంటాడు. దానికి ఇంకో 64 జీబీ ర్యామ్ వేయాలి. లేదా ఒక మాడ్యూల్ తప్పులు పెడుతోంది, మార్చాలి. కొనేముందు తెలియాల్సినవి కొన్నే: స్లాట్లు ఎన్ని, నిండినవి ఎన్ని, ఒక్కోటి ఎంత, డీడీఆర్3యా డీడీఆర్4యా, రిజిస్టర్డా కాదా, ఏ కంపెనీది, పార్ట్ నంబర్ ఏమిటి. ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అయి, రూట్‌గా డీఎంఐడీకోడ్ కమాండ్‌కు 17వ రకం రికార్డులు కావాలని చెబితే ఇవన్నీ వరసగా తెర మీద పడతాయి. పని జరిగిపోయింది కనుక ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ ఆరా తీయరు. నిజానికి ఆ కమాండ్ ఏ మాడ్యూల్‌నూ ముట్టుకోదు, ఏ చిప్‌నూ పలకరించదు. బూట్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ రాసిపెట్టిన ఒక పట్టికను మనకు చదివి వినిపిస్తుంది, అంతే. మెమరీ వివరాలను దూరం నుంచి తెలుసుకునే ఈ పని చరిత్రను తిరగేస్తే, కొలతలు మెరుగుపడిన దాఖలాల కంటే, మెమరీ గురించి రాసిపెట్టే అధికారం చేతులు మారిన దాఖలాలే ఎక్కువ కనిపిస్తాయని నా వాదన. ఏ జవాబును ఎంతవరకు నమ్మాలన్నది, దాన్ని రాసిందెవరన్న దాని మీదే ఆధారపడుతుంది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఆ అధికారం పూర్తిగా మనిషిదే. మదర్‌బోర్డు మీద చిన్న చిన్న స్విచ్‌లుండేవి. ర్యామ్ ఎంత వేశామో వాటిని పైకీ కిందికీ నెట్టి మనమే చెప్పాలి. 64 కేబీ వేసి స్విచ్‌లు 48 దగ్గర వదిలేస్తే, మెషిన్ లెక్కలో ఉన్నది 48 కేబీయే. 1984లో వచ్చిన పీసీ ఏటీలో స్విచ్‌ల స్థానంలోకి బ్యాటరీతో నిలిచే సీమాస్ మెమరీ వచ్చింది కానీ, అందులో అంకె నింపే పని మాత్రం మనిషి నుంచి పోలేదు. తర్వాతి 72 పిన్నుల సిమ్‌లలో ఒక చిన్న ఏర్పాటు చేశారు. 67 నుంచి 70 వరకు నాలుగు పిన్నులను గ్రౌండ్‌కు కలపడమో వదిలేయడమో చేసి, మాడ్యూల్ తన సైజు, వేగం తానే చెప్పేలా చూశారు. నాలుగు బిట్లంటే మొత్తం పదహారు మాటలు. అందులో సైజూ వేగమూ రెండూ ఇమడాలి. చాలా పీసీలు ఆ పిన్నులను పట్టించుకోకుండా, రాసి, తిరిగి చదివి, ఎక్కడ ఆగిపోతే అక్కడికి ఇంత ఉందని తేల్చేవి. నిజమైన కొలత అంటే అదొక్కటే. అది కూడా ఎంత ఉందో చెప్పేది తప్ప, ఏముందో చెప్పేది కాదు.

ఆ కొలతను ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందించే దారి కూడా ఇరుకే. పాత బయోస్ పిలుపు మెమరీ సైజును కేబీల్లో లెక్కగట్టి ఒక 16 బిట్ల రిజిస్టర్‌లో పెట్టేది. అందులో పట్టే అతి పెద్ద అంకె 65,535, అంటే 64 ఎంబీకి మించి చెప్పే వీల్లేదు. అందుకే 1990లలో 128 ఎంబీ వేసుకున్న లైనక్స్ వాడకందార్లు లైలో అనే బూట్‌లోడర్ కాన్ఫిగరేషన్‌లో మెమ్ ఈక్వల్ టు 128ఎం అని చేత్తో రాసుకునేవారు. ఐబీఎం పీసీ స్విచ్‌ల కాలం పోయిందనుకున్నాక, అదే పని కీబోర్డు మీద చేయాల్సొచ్చింది.

రాసే అధికారం మాడ్యూల్ తయారు చేసే ఫ్యాక్టరీకి వెళ్లింది 168 పిన్నుల ఎస్‌డీర్యామ్ డిమ్‌లతో. ప్రతి డిమ్ మీదా ఒక చిన్న ఈఈప్రామ్ చిప్, అందులో 256 బైట్లు. దీన్నే ఎస్‌పీడీ అంటారు. ఫిలిప్స్ 1982లో తెచ్చిన ఐ2సి బస్ మీద, హెక్స్‌లో 50 నుంచి 57 వరకున్న చిరునామాల్లో ఇది పలుకుతుంది. అందులో ఏముంటుందో కాస్త దగ్గరగా చూడాలి. సున్నా నుంచి లెక్కిస్తే 2వ బైట్ మెమరీ జాతిని చెబుతుంది: హెక్స్‌లో 07 ఉంటే డీడీఆర్, 08 డీడీఆర్2, 0బి డీడీఆర్3, 0సి డీడీఆర్4. డీడీఆర్3లో 117, 118 బైట్లు కంపెనీ కోడ్. 120, 121 తయారైన సంవత్సరం, వారం. 122 నుంచి నాలుగు బైట్లు సీరియల్ నంబర్. 128 నుంచి 145 వరకు పద్దెనిమిది అక్షరాల పార్ట్ నంబర్. కంపెనీ కోడ్‌లు జెడెక్ సంస్థ జాబితాలోవి: శాంసంగ్‌కు సిఇ, హైనిక్స్‌కు ఎడి, మైక్రాన్‌కు 2సి. పార్ట్ నంబర్‌కూ ఒక వ్యాకరణం ఉంటుంది. శాంసంగ్ డీడీఆర్4 ఎం393తో మొదలైతే రిజిస్టర్డ్ డిమ్, ఎం386 అయితే లోడ్ రెడ్యూస్డ్, ఎం391 అయితే బఫర్ లేని ఈసీసీ, అంటే తప్పులు సరిదిద్దే రకం. డీడీఆర్4కు వచ్చేసరికి ఈ చిప్ 512 బైట్లయింది, డీడీఆర్5లో 1024. ఇంత వివరం మనకోసం రాసింది కాదు. మెమరీ కంట్రోలర్‌ను ఏ టైమింగ్‌లకు సర్దాలో బయోస్‌కు తెలియడం కోసం రాసింది. పార్ట్ నంబర్ ఆ పత్రం చివర తగిలించిన చిరునామా లాంటిదే.

మనం చదివే పట్టిక పుట్టుక వేరు. 1992లో ఏర్పడిన డీఎంటీఎఫ్ అనే కంపెనీల కూటమి అసలు పేరులోనే డెస్క్‌టాప్ ఉంది. ఆఫీసుల్లో వందలకొద్దీ చేరుతున్న పీసీల్లో ఏముందో ఒక్కో పెట్టె విప్పకుండా లెక్క తేలాలన్నది వాళ్ల బాధ. ఆ అవసరంలోంచి వచ్చిన ఏర్పాట్లలో ఎస్‌ఎంబయోస్ ఒకటి. బయోస్ తనకు తెలిసినవన్నీ రకాల వారీగా పట్టికలో పెడుతుంది: 16వ రకం మెమరీ మొత్తం అమరిక, 17వ రకం ఒక్కో స్లాట్. లైనక్స్‌లో దీన్ని చదివే డీఎంఐడీకోడ్‌ను మొదట రాసింది ఆలన్ కాక్స్, తర్వాత ఏళ్ల తరబడి మెరుగుపరుస్తూ వచ్చింది జాన్ దెల్వార్. తొలి రోజుల్లో అది మొదటి మెగాబైట్‌లోని చివరి 64 కేబీని పదహారేసి బైట్ల అంగలతో వెతికి పట్టిక మొదలును కనిపెట్టేది. 2015 నుంచి కెర్నెలే ఆ పట్టికను ఒక ఫైలుగా అందిస్తోంది.

పట్టికలో ఒక రికార్డు తీసుకుందాం. మొత్తం వెడల్పు 72 బిట్లు, డేటా వెడల్పు 64 బిట్లు అని ఉంటే, మిగతా ఎనిమిది ఈసీసీవని ఏ మాన్యువల్ లేకుండానే తెలుస్తుంది. వేగం 2666 అని ఒక వరసలో, నడుస్తున్న వేగం 2400 అని ఇంకో వరసలో ఉంటే, మాడ్యూల్ తగ్గి నడుస్తోందని అర్థం. ఖాళీ స్లాట్ దగ్గర మాడ్యూల్ లేదని రాసి ఉంటుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ కంపెనీ పేరు దగ్గర శాంసంగ్ అని ఉండాల్సిన చోట 00సిఇ00బి300సిఇ అని కనిపిస్తుంది. ఎస్‌పీడీలోని కోడ్‌ను పేరుగా మార్చే ఓపిక ఆ బయోస్‌కు లేదన్నమాట. తయారైన తేదీకి 17వ రకంలో గడే లేదు. అందుకని కొన్ని సర్వర్ బోర్డులు దాన్ని అసెట్ ట్యాగ్ గడిలో ఇరికిస్తాయి. సైజు గడి పదిహేను బిట్లది కనుక 32 జీబీ మాడ్యూళ్లు వచ్చేసరికి నిండిపోయి, 2.7 వెర్షన్‌లో పక్కన పెద్ద గడి ఒకటి కట్టాల్సొచ్చింది. ఇంకొన్ని బోర్డుల్లో సీరియల్ నంబర్ దగ్గర టు బి ఫిల్డ్ బై ఓఈఎం అనే ఖాళీ ఫారం మాటే అలాగే ఉండిపోతుంది. నింపాల్సినవాడు నింపలేదు. పహాణీలో పేరు ఉండటానికీ, పొలం గట్టున హద్దురాయి ఉండటానికీ ఎంత తేడానో, ఈ పట్టికకూ ఎస్‌పీడీ చిప్‌కూ అంత తేడా. ఈ పట్టికల్లో సమాచారం తరచుగా తప్పో అసంపూర్ణమో అయి ఉంటుందని డీఎంఐడీకోడ్ సొంత మాన్యువల్ పేజీయే హెచ్చరిస్తుంది. తన పని మీద ఇంత నిజాయితీగా మాట్లాడే సాధనాలు అరుదు.

అలాంటప్పుడు పహాణీ ఎందుకు, నేరుగా హద్దురాయి దగ్గరికే వెళ్లొచ్చు కదా అన్నది మొదటి అభ్యంతరం. ఐ2సి టూల్స్‌లో డీకోడ్ డిమ్స్ అనే స్క్రిప్ట్ ఉంది, ఎస్‌పీడీ బైట్లను చదివి పూస గుచ్చినట్టు చెబుతుంది. దానికి చరిత్రే జవాబిచ్చింది. ఎల్‌ఎం సెన్సర్స్ ప్రాజెక్టు వాళ్లు సెన్సర్ల కోసం బస్ మీద తడుముతుంటే, కొన్ని ఐబీఎం థింక్‌ప్యాడ్‌లలోని ఈఈప్రామ్ పాడై మెషిన్లు బూట్ కాకుండా పోయాయి. చిప్ ఉందో లేదో చూడటానికి పంపిన సంకేతాన్ని ఆ ఈఈప్రామ్ రాయమన్నట్టుగా తీసుకుంది. దాంతో కెర్నెల్‌లోని ఒక బస్ డ్రైవర్‌లో, ముందు ఈ ఎస్‌ఎంబయోస్ పట్టికలోనే తయారీదారు పేరు చూసి, ఐబీఎం అని ఉంటే లోడ్ కావడానికి నిరాకరించే ఏర్పాటు పెట్టారు. హద్దురాయిని ముట్టుకోవచ్చో లేదో తేల్చుకోవడానికి పహాణీనే తిరగేయాల్సి వచ్చింది! హెక్స్ 30 నుంచి 37 వరకు చిరునామాల్లో ఎస్‌పీడీకి శాశ్వతంగా తాళం వేసే ఆదేశాలుంటాయి కనుక, ఐ2సి డిటెక్ట్ అక్కడ మామూలు పద్ధతి వదిలి జాగ్రత్తగా అడుగేస్తుంది. పైగా చాలా జియాన్ సర్వర్లలో డిమ్‌ల బస్ సీపీయూలోని మెమరీ కంట్రోలర్ చేతిలో ఉంటుంది. డిమ్‌ల ఉష్ణోగ్రత చూసుకోవడానికి హార్డ్‌వేర్ కూడా ఆ దారినే వాడుతుంది. మనం మధ్యలో దూరడం క్షేమం కాదు, చాలాసార్లు కుదరదు కూడా. డెస్క్‌టాప్ మీద చక్కగా పలికే డీకోడ్ డిమ్స్ పెద్ద సర్వర్ మీద మూగదయ్యేది ఇందుకే.

ఇక దూరం సంగతి. 1995లో హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీలో టాటు ఉలోనెన్, అక్కడి నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగాక, ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. 1999లో ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ వచ్చింది. దానికి ముందూ టెల్నెట్ ఉంది, కానీ రూట్ పాస్‌వర్డ్‌ను తీగ మీద బట్టబయలుగా పంపే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? సరిగ్గా ఆ ఏళ్లలోనే, 1998లో, హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. అమెరికాలోని సర్వర్లను ఇక్కడ రాత్రి షిఫ్టుల్లో చూసుకునే పని తెలుగు కుర్రాళ్లకు బతుకుతెరువైంది. అమీర్‌పేట లైనక్స్ కోర్సుల్లో నేర్చుకున్న కమాండ్‌లు వాళ్లకు కళ్లూ చేతులూ అయ్యాయి. డిమ్ ఎ1 తీయండి అని ఇక్కడి నుంచి మెయిల్ రాస్తే, అక్కడి డేటా సెంటర్‌లో ఉన్న మనిషి ఆ స్లాట్‌ను వెతికి తీస్తాడు. ఆ ఎ1 అనే పేరు పట్టికలో ఉన్నదీ, బోర్డు మీద అచ్చయి ఉన్నదీ ఒకటి కాకపోతే బాగున్న మాడ్యూల్ చేతికొస్తుంది, చెడ్డది లోపలే ఉండిపోతుంది.

మొత్తం ఎంతో సరిగ్గా తెలిస్తే చాలదా, పేర్లలో పొరపాట్లు పెద్ద విషయమా అని అడగవచ్చు. ముందుగా, ఫ్రీ కమాండ్ చూపే మొత్తానికి పునాది కూడా ఫర్మ్‌వేర్ ఇచ్చే మెమరీ పటమే, కెర్నెల్ సొంతంగా కొలిచింది కాదు. రెండోది, పేర్లు ఎంత ముఖ్యమో 2009లో తేలింది. టొరంటో యూనివర్సిటీకి చెందిన బియాంకా ష్రోడర్ ఇద్దరు గూగుల్ పరిశోధకులతో కలిసి గూగుల్ సర్వర్ల మీద చేసిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా డిమ్‌లలో తప్పులు కనిపించాయి. మెమరీ తప్పు అరుదైన విపత్తు కాదు, రోజువారీ పని. తప్పులను పట్టే ఈడాక్ వ్యవస్థ 2006లో 2.6.16 వెర్షన్‌తో కెర్నెల్‌లో చేరింది. అది తప్పు ఏ కంట్రోలర్‌లో, ఏ చానల్‌లో జరిగిందో చెబుతుంది. ఆ చానల్‌కు బోర్డు మీద ఏ పేరు అచ్చయిందో మాత్రం దానికి తెలియదు. మదర్‌బోర్డుల వారీగా ఎవరో మనుషులు కూర్చి పెట్టిన లేబుళ్ల ఫైలు ఉంటేనే అది స్లాట్ పేరు పలుకుతుంది. అధికారం మళ్లీ మనిషి చేతికొచ్చింది.

సర్వర్లలో బీఎంసీ అనే విడి కంట్రోలర్ ఉండగా ఈ కమాండ్‌లన్నీ ఎందుకన్నది ఇంకో అభ్యంతరం. దానితో దూరం నుంచి మాట్లాడే పద్ధతిగా ఇంటెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ, డెల్ కలిసి 1998లో ఐపీఎంఐ తెచ్చాయి. అదే పనికి 2015లో డీఎంటీఎఫ్ రెడ్‌ఫిష్ తెచ్చింది. మెషిన్ ఆఫ్‌లో ఉన్నా జవాబు చెప్పగలగడం బీఎంసీ బలం, ఒప్పుకోవాల్సిందే. అయితే బీఎంసీ చూపే మెమరీ జాబితా చాలా మెషిన్లలో బూట్ సమయంలో బయోస్ అందజేసిందే. సాక్షి మారాడు కానీ సాక్ష్యం మారలేదు. దానికి తోడు ఐపీఎంఐ 2.0 లాగిన్ పద్ధతిలోనే లోపం ఉంది: పాస్‌వర్డ్ హ్యాష్‌ను అడిగినవాడికల్లా ఇచ్చేస్తుంది. 2013లో ఇది బయటపడ్డాక బీఎంసీని బయటి నెట్‌వర్క్‌కు చూపించడం మూర్ఖత్వమే. ఎస్‌ఎస్‌హెచ్‌కు ఆ బెడద లేదు.

వర్చువల్ మెషిన్ల విషయంలో రాసే అధికారం ఇంకా దూరం పోయింది. కేవీఎం మీద నడిచే ఒక గెస్ట్‌లో అదే కమాండ్ ఇస్తే, తయారీదారు క్యూఈఎంయూ (గెస్ట్‌కు హార్డ్‌వేర్‌ను నటించి చూపే సాఫ్ట్‌వేర్), ఆకారం డిమ్, స్లాట్ డిమ్ 0 అని వస్తుంది. క్యూఈఎంయూ చాలా వెర్షన్లలో 17వ రకం రికార్డును 16 జీబీ దాటనివ్వలేదు. 64 జీబీ ఇచ్చిన గెస్ట్‌లో నాలుగు మాడ్యూళ్లు ముచ్చటగా వరస కట్టి కనిపించేవి, ఒక్కటీ లేకపోయినా. పార్ట్ నంబర్ గడిలో ఏం రావాలో కూడా హోస్ట్ నడిపేవాళ్లు ఒక ఆప్షన్‌తో నింపుకోవచ్చు. అద్దెకు తీసుకున్న క్లౌడ్ మెషిన్‌లో మెమరీ ఏ కంపెనీదో, ఈసీసీయో కాదో తేల్చుకోవాలనుకునే అడ్మిన్ ఈ పట్టికను ఎన్నిసార్లు చదివినా లాభం లేదు. అసలు సంగతి తెలిసింది హోస్ట్‌కు, అక్కడ లాగిన్ అయ్యే హక్కు అద్దెదారుకు ఉండదు.