రాయగడలో మా తాతగారి అద్దె వాటాలు

మా ఇంట్లో కాగితాల రేకుపెట్టె అడుగున తాతగారి అద్దె పుస్తకం ఉంది. వాటాకి ఒక పేజీ, నెలకి ఒక వరస. పట్టాలేమో ఒడియాలో, లెక్కలేమో తెలుగులో. రాయగడలో స్థిరపడిన మనలాంటి కుటుంబాల్లో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కింద, జయపురం జమీందారీలో ఉండేది. 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం పూర్తయింది. ఆ రైలెక్కే తాతగారు వచ్చి స్టేషను దగ్గర పచారీ కొట్టు పెట్టారు. 1962లో జేకేపూర్ కాగితం మిల్లు మొదలయ్యాక అద్దె ఇల్లు కావాలని కొట్టుకే వచ్చి అడిగేవారట. కొట్టు వెనక ముందు రెండు వాటాలు వేశారు, తర్వాత పెరట్లో మరో రెండు. కొట్టు మూతపడ్డాక కూడా ఇంటిని నడిపింది ఆ అద్దెలే. పెదనాన్న, నాన్న చదువులు వాటి మీదే సాగాయి.

మొన్న మా తరం వాళ్ళం కూర్చుని పైన ఇంకో అంతస్తు వేద్దామా, అమ్మేద్దామా అని మాట్లాడుకున్నాం. ముందు పట్టా నకలు తీయించమన్నారు వకీలుగారు. ఒడిశా పట్టాలో పేరు పక్కన జాతి, భూమి కిసం కూడా రాసి ఉంటాయి. ముందు భాగం తాతగారి పేరునే ఉంది, కిసం ఘరబారి, అంటే ఇంటి స్థలం. వెనక రెండు వాటాలున్న చోటు మాత్రం ఇప్పటికీ ఒక కోదు రైతు పేరునే ఉంది. మా దగ్గరున్నది వేలిముద్ర వేసిన తెల్లకాగితం ఒక్కటే.

"డబ్బిచ్చే కదా కొన్నాం!" అన్నారు పెదనాన్న. డబ్బిచ్చిన మాట నిజమే. కానీ ఏజెన్సీలో ఆదివాసీల భూమి చేతులు మారాలంటే అనుమతి కావాలన్న నియమం 1917 నాటి మద్రాసు చట్టంలోనే ఉంది. ఒడిశా 1956లో తెచ్చిన రెగ్యులేషను ప్రకారం అధికారి రాతపూర్వక అనుమతి లేని బదిలీ చెల్లదు. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు కూడా దాని కిందకే వస్తాయి. 2002 సవరణతో ఆదివాసీ భూమి ఆదివాసీ కానివారికి బదిలీ కావడమే నిషిద్ధమైంది. కోరాపుట్, రాయగడ జిల్లాలు రెండూ పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతాలే. అంటే ఇప్పుడు కట్టి సరిచేసుకునే రుసుమంటూ ఏదీ లేదు.

మిగిలిన రెండు వాటాలకీ లెక్క వేశాం. నెలకి 8,000 చొప్పున ఒక వాటా మీద ఏడాదికి 96,000. హోల్డింగ్ టాక్సు 3,000 కట్టామనుకుంటే 93,000. అందులో 30 శాతం, అంటే 27,900 మరమ్మతులకి ఎంత ఖర్చయినా తగ్గిస్తారు. మిగిలిన 65,100 మీదే ఆదాయపన్ను లెక్క. అయితే వాన కాలం వెళ్ళాక పైకప్పు బాగుచేయించాలి, అద్దెదారు మారితే నెలో రెండు నెలలో ఖాళీ ఉంటుంది. అవి పోతే చేతికొచ్చేది పుస్తకంలో కనిపించినంత ఉండదు.

తాతగారు నోటి మాట మీదే ఇల్లిచ్చేవారు. ఇప్పుడలా కుదరదు. ఏడాది మించిన అద్దె ఒప్పందం రిజిస్టరు చేయించాలి. పదకొండు నెలల కాగితాలు వాడుకలోకి వచ్చింది అందుకే. పొలం కిసంలో ఉన్న స్థలమైతే కట్టే ముందే తహసీల్దారు దగ్గర ఇంటి స్థలంగా మార్పించుకోవాలి.

వెనక రెండు వాటాల గురించి ఇంట్లో మూడు నెలలు వాదులాడుకున్నాం. చివరికి మామ్మ తేల్చేసింది. ఆ రైతు కొడుకులు పండక్కి వచ్చి, గుమ్మం దాకా రాకుండా, పెరట్లోనే నిలబడి ఆ గోడల వంక చూసి వెళ్ళేవారట. "వాళ్ళకి తెలుసురా, మనకే తెలీనట్టు ఉన్నాం" అంది. అద్దెదార్లకి గడువిచ్చి ఖాళీ చేయించాం. స్థలం అప్పగిస్తామని సబ్ కలెక్టరు ఆఫీసులో రాసిచ్చాం. అంతస్తు మాట ప్రస్తుతానికి పక్కన పెట్టాం.

మీ పెట్టెలోనూ తెల్లకాగితం ఉంటే, పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. అది ఎవరి వేలిముద్రో చెప్పగలిగేది వాళ్ళే.